ముందు కడ్డీ, వెనక కడ్డీ

మొన్న మా ఇంటికి ఇంటర్నెట్ బిగించడానికి వచ్చినతను డాబా మీదికి వెళ్లిన రెండు నిమిషాలకే పిట్టగోడ మీదినుంచి తల వంచి, "తాతా, గిదేంది? బట్టలారేసే దండెమా? నా డబ్బాకు అడ్డమొస్తుంది, తీసి పక్కకు పడెయ్యాల్నా?" అని కేక వేశాడు. మోకాళ్లు మొరాయిస్తున్నా నేను మెట్లెక్కి పైకి వెళ్లి, దాని మీద చెయ్యి వేయవద్దని కాస్త గట్టిగానే చెప్పాను. నా గొంతులోకి మా తాతగారి గొంతు అప్పుడప్పుడూ ఇలా పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. పాపం అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత నాకే మనసొప్పక, కింద చాయ్ పెట్టించి, ఆ డబ్బాను రెండడుగులు పక్కకు బిగించుకొమ్మని మంచిమాటగా చెప్పాను.

అతను దండెమనుకున్నది ఒక యాంటెనా. పటం కట్టే చట్రాన్ని నిలువుగా నిలబెట్టినట్టు ఉంటుంది. రెండున్నర అడుగుల ఎత్తు, అడుగుకు కూడా రాని వెడల్పు. దాని రాగి నల్లబడి చాలా ఏళ్లయింది. అది నిలబడ్డ వెదురు మూడుసార్లు మారింది. చట్రం మాత్రం తొంభైల నడుమ ఏ చేతులు వంచాయో ఆ చేతుల వంపుల్లోనే ఇప్పటికీ ఉంది. ట్రంకాల్ బుక్ చేసి పోస్టాఫీసు బెంచీ మీద సగం పూట కూర్చున్న మా తరం వాళ్లకైతే దాని కథ చెప్పవచ్చు, వింటారు. అందుకే రాస్తున్నాను.

మాది బాన్సువాడలో కోటలాంటి గడి ఉన్న దొరల కుటుంబం. ఒకప్పుడు అనే మాట కలపడానికి నా కలానికి ఇప్పటికీ ఇష్టం ఉండదు గానీ, కలపక తప్పదు. తాతగారి మాట చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో చెల్లింది. నాన్నగారి కాలానికి భూములు చట్టాల్లో కొన్ని, కోర్టుల్లో కొన్ని, ఆయన స్నేహాల్లో కొన్ని కరిగిపోయాయి. నా చేతికొచ్చేసరికి గడిలో మిగిలింది రెండు గదులూ ఒక బురుజూ. నేను మండల ఆఫీసులో టైపిస్టుగా చేరాను. మా తాత సంతకం కోసం ఒకప్పుడు వరండాలో నిలబడ్డ వాళ్ల మనవలు నా బల్ల ముందు నిలబడి, అర్జీ తొందరగా కొట్టిపెట్టమని అడిగేవారు. కొట్టి ఇచ్చేవాణ్ణి. కానీ కుర్చీకి వీపు ఆనించి కూర్చునేవాణ్ణి కాదు. మా ఇంట్లో మగపిల్లలకు మొదట నేర్పేది అదే, వీపు నిటారుగా ఉంచడం, తర్వాతే అక్షరాలు. ఇంకొన్ని కూడా నేర్పారు: పని ఉంటే చెప్పి చేయించడమే గానీ నిచ్చెన ఎక్కకూడదు, ఎవరికీ తలవంచి దండం పెట్టకూడదు, మేలు చేసినవాణ్ణి కళ్లతో గుర్తిస్తే చాలు, నోటితో చెప్పనక్కర్లేదు.

అలాంటి వాడికి అమెచ్యూర్ రేడియో పిచ్చి ఎలా పట్టిందని అడుగుతారు. తపాలా తంతి శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి నిజామాబాదులో ఉండేవారు. నాకు గురువు. ఏదో పనిమీద బాన్సువాడ వచ్చి, మా ఆఫీసు వరండాలో నేను పాత వాల్వు రేడియో విప్పుకుని కూర్చుని ఉండగా చూసి, పక్కన కూర్చుని, లోపలి భాగాలన్నీ ఒక్కొక్కటే వేలితో చూపించి చెప్పారు. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుందనీ, అది ఉంటే సొంత సెట్టుతో, తీగ లేకుండా, బిల్లు లేకుండా, మరో లైసెన్సుదారుతో మాట్లాడవచ్చనీ, వ్యాపారం మాత్రం మాట్లాడకూడదనీ ఆయన చెబితేనే తెలిసింది. ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి రెండో శనివారం నేను బస్సెక్కి నిజామాబాదు వెళ్లేవాణ్ణి. చుక్కా గీతా భాష, కరెంటు లెక్కలు, సెట్టు మీద మాట్లాడే మర్యాద, అన్నీ ఆయనే నేర్పారు. ఆ ఏడాదిలో ఆయన ఒక్కసారి కూడా మీరెవరి కుటుంబం అని అడగలేదు. మొదట అదే గుచ్చుకుంది. అడిగితే చెబుదామని ఎంతో సిద్ధంగా వెళ్లేవాణ్ణి. పోనుపోను ఆ ఇంట్లో నాకు వీపు కొంచెం వదులైనట్టుండేది. ఎందుకో అప్పట్లో ఆలోచించలేదు.

లైసెన్సు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. గురువుగారి మిత్రుడొకరు వాడిన చేతి సెట్టు ఒకటి దొరికింది, ఇటుక రాయంత ఉండేది. దానికి తలమీద ఉండే రబ్బరు తోకతో మాట్లాడితే మా వీధి దాటి బస్టాండు దాకా కూడా పోదు. గురువుగారు ప్రతి సాయంత్రం ఆరు గంటలకు తన సెట్టు ముందు కూర్చుని, జిల్లాలో ఉన్న ఆరుగురు లైసెన్సుదారుల్ని పేరుపేరునా పిలిచి, ఎవరు పలికారో పుస్తకంలో రాసుకునేవారు. ఆ ఆరుగురిలో చివరి పేరు నాది. నిజామాబాదు చేరాలంటే గొంతును నాలుగు దిక్కులా చల్లకుండా ఒకే దిక్కుకు పంపే యాంటెనా కావాలి. అలాంటివి పొడవైన చేపముల్లులా ఉంటాయి, చేయడం కష్టం, గాలికి నిలవవు. అందుకని ఆయన ఇన్‌లాండు కవరులో ఒక చిన్న బొమ్మ వేసి పంపారు: రెండు రాగి కడ్డీలు, రెండింటి కొసలూ ఒకదానివైపు ఒకటి వంచి, ఆ కొసల మధ్య అంగుళం సందు వదిలితే చట్రంలా తయారవుతుంది. ఒక కడ్డీని నడుమ కోసి, ఆ కోతకు సెట్టు నుంచి వచ్చే కేబుల్ అతకాలి. రెండో కడ్డీ కొంచెం పెద్దది, అఖండంగా ఉంటుంది. దానికి ఏ తీగా కలపనక్కర్లేదు, ఊరికే నిలబడి ఉంటే చాలు. కొలతలన్నీ రాశారు. ఏ వైపు ముందో మాత్రం రాయలేదు. ఆ మాత్రం తెలియదా అనుకుని ఉంటారు.

అది చేసిపెట్టినవాడు బస్టాండు దగ్గర రేడియో, టీవీ రిపేరు దుకాణం నడిపే మెకానిక్. నాకంటే మూడేళ్లు పెద్ద. వాళ్లమ్మ గడిలో పనిచేసింది, నన్ను చంకనేసుకుని తిరిగింది. అందుచేత అతను నన్ను దొరా అనేవాడు, నేను అతన్ని ఏమయ్యా అనేవాణ్ణి, ఇద్దరికీ అది అలా ఉండటమే సహజంగా తోచేది. కరెంటు సామాను దుకాణంలో దొరికే లావు రాగి తీగను మంచం కోడుకు ఒక కొస కట్టి, రెండో కొస పట్టుకుని గుంజి గీత గీసినట్టు సాపు చేశాడు. వంపు దగ్గర విరగకుండా సబ్బు డబ్బా మూల మీద వేసి, తొందర లేకుండా, రొట్టె మడిచినట్టు వంచాడు. కొసల మధ్య అంగుళం సందు కదలకుండా ఉండటానికి ఏం పెట్టాలో నాకు తోచలేదు. మీ ఆఫీసుల అయిపోయిన పెన్నులుంటయి గద అన్నాడు. మర్నాడు నాలుగు పెన్నుల గొట్టాలు తెచ్చాను. తీగ వాటిలో కొలిచి చేసినట్టు ఇమిడిపోయింది. ఈనాటికీ డాబా మీద ఆ చట్రాన్ని పట్టి ఉంచుతున్నది మా మండల ఆఫీసు పెన్ను గొట్టాలే. మధ్యలో రెండు వెదురు బద్దలు, జిగురు, నైలాను దారం, అంతే. చేతికి తీసుకుంటే చేటంత బరువు కూడా లేదు. ఇంత చిన్నది గొంతును నిజామాబాదుకు ఎట్లా మోస్తుందని నేను అనుమానపడితే, మోసేదానికి పెద్ద ఒళ్లు ఎందుకని అతను నవ్వాడు.

దాన్ని బురుజు మీద నిలబెట్టాలని నా పట్టుదల. బురుజు మీద ఒకప్పుడు జెండా కర్ర నిలిపిన ఇనుప గొట్టం ఉండేది. యాంటెనా వెదురుకు అంతకంటే గౌరవమైన చోటు నాకు కనబడలేదు. మెకానిక్ పైకెక్కాడు, నేను కింద గొడుగు వేసుకుని నిలబడి చెప్పాను. ఈశాన్యం దిక్కు కంపాసు పెట్టి చూసుకున్నాను. వెదురును గొట్టంలో దించే ముందు అతను చట్రాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పి, "దొరా, గీ అతుకు దిక్కు గద ముందటికి రావాలె?" అని అడిగాడు.

అతుకు దిక్కు ముందుకా? కోసి, సోల్డరు పెట్టి, కేబుల్ వేలాడుతున్న కడ్డీని ముందు పెట్టి, అఖండంగా, ఏ తీగకూ లోబడకుండా నిలిచిన పెద్ద కడ్డీని వెనక దాచడమా? మా ఇంట్లో ఏ పెళ్లికైనా, ఏ ఊరేగింపుకైనా పెద్దవాళ్లు ముందు నడిచారు. అతుకుబొంతలు ఉంటే వెనక గదిలో ఉన్నాయి. ఆ క్షణంలో నేను ఇంత ఆలోచించానని కాదు, ఆలోచించాల్సిన అవసరమే కనిపించలేదు. "నాకు తెలుసు. చెప్పినట్టు కట్టు," అన్నాను. అతను కట్టాడు. ముందుదని నేననుకున్న పెద్ద కడ్డీకి ఎర్ర రంగు కూడా పూయించాను, మళ్లీ ఎవరికీ సందేహం రాకుండా.

ఆ రోజు నుంచి రెండు నెలలు నేను పడ్డ అవస్థ తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నిద్ర పట్టేది కాదు. ఆరు గంటలకు సెట్టు పట్టుకుని బురుజు కింది మెట్ల మీద కూర్చునేవాణ్ణి. గురువుగారి సెట్టు పెద్దది, స్తంభం ఎత్తైనది. అందుచేత ఆయన గొంతు ఇసుకలో నడిచినట్టు గరగరలాడుతూనైనా నాకు అందేది. ఐదుగురినీ పిలిచేవారు, ఐదుగురూ పలికేవారు. ఆరోది నా పేరు. నేను మీట నొక్కి మెడ నరాలు ఉబ్బేలా పలికేవాణ్ణి. అటునుంచి నిశ్శబ్దం. ఆయన మళ్లీ పిలిచేవారు, ఒక నిమిషం ఆగేవారు, తర్వాత, "బాన్సువాడ లేదు. సరే, రేపు చూద్దాం," అని పుస్తకం మూసేవారు. మా తాత అరుగు మీద కూర్చుని పేరు పిలిస్తే పలకనివాడు ఆ చుట్టుపక్కల లేడు. ఇప్పుడు ఆ ఇంటి పేరే రోజూ సాయంత్రం జిల్లా అంతా వినేలా పిలవబడుతోంది, పలకడం లేదు. గడి పోయినప్పుడు కూడా నాకంత చిన్నతనం అనిపించలేదు.

సందులో పోయేవాళ్లు, దొర రోజూ ఎవర్నో తిడుతుండని చెప్పుకునేవారట. మా ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి, అక్కడ పలికేవాళ్లు లేకపోతే ఇక్కడ పలికేదాన్ని నేనున్నాను, చాయ్ చల్లారుతోంది రమ్మనేది. కేబుల్ మూడుసార్లు మార్పించాను. బ్యాటరీ మార్చాను. వాతావరణాన్ని అనుమానించాను, మధ్యలో ఉన్న గుట్టల్ని అనుమానించాను, ఒకసారి గురువుగారి చెవుల్ని కూడా అనుమానించాను. మెకానిక్ ప్రతిసారీ వచ్చి, చెప్పింది చేసి, ఏదో అనబోయి ఆగి, సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. ఎస్టీడీ బూత్‌కు వెళ్లి గురువుగారికి ఒక్క ఫోను చేస్తే సగం సంగతి తేలేది. కానీ ఆయన పుస్తకంలో ఫోనుకు లెక్క లేదు, గాలిలో పలికితేనే పలికినట్టు. పైగా నేను చేతకానివాణ్ణని ఆయన నోటివెంట వినే ఓపిక నాకు లేదు.

ఒక మంగళవారం సాయంత్రం ఆయన పిలుపులన్నీ అయ్యాక, ఎప్పటి గొంతుతోనే, ఆదివారం తన చివరి హాజరు అని చెప్పారు. గొంతులో గడ్డ ఏదో ఉందట. హైదరాబాదులో సోమవారం ఆపరేషను. తర్వాత మాట వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారట. ఆ గరగరలో సగం మా దూరానిది కాదని, ఆయన గొంతుదని నాకు అప్పుడు తెలిసింది. తర్వాత ఎప్పటిలాగే ఐదు పేర్లు, ఆరో పేరు, ఒక నిమిషం మౌనం. "బాన్సువాడ లేదు."

ఏడాది పాటు ఆయన చేతి చాయ్ తాగి, ఆయన పుస్తకాలు మోసుకొచ్చి, ఒక్కసారి కూడా నోరు తెరిచి మీరు నాకు మేలు చేశారని చెప్పనివాణ్ణి. కళ్లతో గుర్తించాను కదా అనుకున్నాను. ఇప్పుడు మిగిలింది ఐదు సాయంత్రాలు. వాటిలోనూ నాలుగు గడిచిపోయాయి.

ఆదివారం నాలుగున్నరకు మెకానిక్ వచ్చాడు. ఈసారి వెనకాల వాళ్లమ్మ కూడా ఉంది, చర్చికి కట్టుకున్న తెల్లచీర ఇంకా మార్చలేదు. అవ్వ మా గడప తొక్కి పదేళ్లు దాటింది. వచ్చీ రాగానే బురుజు నీడలో కూలబడి, చెంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు కింది నుంచి పైదాకా చూసింది.

"ఏం చిన్నదొరా, బక్కగైనవ్. ఇయ్యాల ఆఖరి దినమంటగా?"

అవునన్నాను.

"మా పోరనికి నోట్ల నాలికె లేదు. రెండు నెల్ల సంది ఇంట్ల నా పానం తింటుండు. అవ్వా, దొర దాన్ని ఉల్టా పెట్టిచ్చిండే, ఎట్ల చెప్పాలె, ఎట్ల చెప్పాలె అనుకుంట. చెప్పురా అంటే, ఒకసారి చెప్పిన, కసిరిండు అంటడు."

"ఊకో అవ్వా," అన్నాడు మెకానిక్, నేల చూస్తూ.

"ఏంది ఊకునేది? గా సారు గొంతు రేపు కోస్తరంట. నువ్వు గీడ మర్యాద చేసుకుంట కూసో!" అని నా వైపు తిరిగింది. "నువ్వు లాగు లేకుండ ఉరుకుతుంటే పట్టుకొచ్చి నీళ్లు పోసినదాన్ని. నాకేం భయం? అది ఎనుకకు తిరిగి కూసున్నది బిడ్డా. నువ్వు మొత్తుకునేది అంత అటు అడివిల పడుతుంది."

నాకు ముందు కోపమే వచ్చింది, దాచడమెందుకు. రెండు నెలలు తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని అతని మీద అరిచాను. అతను తల ఎత్తి, మొదటిసారి నా ముఖంలోకి చూసి, గడి మనుషులకు ఒకసారి చెప్పవచ్చు, రెండోసారి చెప్పకూడదని తనకు చిన్నప్పుడు నేర్పిందే ఈ అవ్వ అని చెప్పాడు. అవ్వ, "నేర్పిన. అయితేంది? గప్పుడు దొర పెద్దగ ఉండె," అంది.

అతను మెల్లగా అన్నాడు: "దొరా, ఒక్కపారి పైకొచ్చి చూడుండ్రి."

నేను పుట్టి నలభై ఏళ్లు దాటాక, సెట్టునూ కేబుల్‌నూ చంకలో పెట్టుకుని, మా ఇంటి బురుజు మొదటిసారి ఎక్కాను. పై మెట్లు విరిగిపోయి నిచ్చెన వేసి ఉంది. అతను కింద పట్టుకుని, నా వెనకే తనూ ఎక్కాడు. పైకెక్కి చూస్తే బాన్సువాడ ఇళ్ల కప్పులన్నీ కాళ్ల కింద పరచినట్టున్నాయి, ప్రతి కప్పు మీదా ఒక టీవీ యాంటెనా. అందులో సగం అతను బిగించినవే. "సూడుండ్రి. అన్నీ నిజామాబాద్ దిక్కే. పెద్ద కడ్డీ ఏడున్నది? ఎనుకనే ఉంటది. ఎనుక నిలవడి ముందటిదాన్ని ఉషారు చేస్తది. గది ముందటికొచ్చి నిలవడితే చిన్నదాని మాట బయటికి పోనియ్యదు."

అన్ని యాంటెనాలూ ఒకే దిక్కుకు ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి, పొట్టి కడ్డీలు ముందు, పొడుగు కడ్డీ వెనక. వాటి నడుమ, అందరికంటే ఎత్తున, ఎర్ర రంగు పూసుకుని, నాదొక్కటే వీపు తిప్పుకుని నిలబడి ఉంది. రెండు నెలలుగా ఊరంతా కనబడుతున్న సంగతి అది. నేను తల ఎత్తి మా బురుజునే చూశాను గానీ పక్క ఇళ్ల కప్పులు చూడలేదు.

గొట్టంలో వెదురు కదలకుండా కొట్టిన చీలను ఇద్దరం కలిసి పెరికాం. నేనూ ఒక చెయ్యి వేశానని ఎందుకు చెబుతున్నానంటే, ఆ అరచేతి మీద గీసుకున్న గీత చాలాకాలం ఉండింది, నాకు దాని మీద ఇష్టం. వెదురును సగం చుట్టు తిప్పగానే నా చేతిలోని సెట్టులోంచి ఎవరో పక్కనే నిలబడి దగ్గినట్టు దగ్గు వినబడింది. గురువుగారు ముందుగానే వచ్చి, మీట నొక్కి సెట్టు సరిచూసుకుంటున్నారు. ఆ దగ్గును నేను ఎంత స్పష్టంగా విన్నానో, ఆ తర్వాత ఏ పాట కచేరీ కూడా అలా వినలేదు.

చీల మళ్లీ కొట్టే వ్యవధి లేదు, సుత్తి కింద ఉండిపోయింది. మెకానిక్ వెదురును రెండు చేతులా కరచి పట్టుకుని, గాలికి తిరగకుండా నా వెనకాల నిలబడ్డాడు. ఆరైంది. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. ఐదు పేర్లు అయ్యాయి. ఆరోది నా పేరు, రోజూ పిలిచినట్టే, ఆశ పెట్టుకోనివాడు అలవాటు కొద్దీ పిలిచినట్టు.

మీట నొక్కి పలికాను. అరవలేదు. మామూలు గొంతుతో పలికాను.

అటువైపు మీట టిక్కుమంది. తర్వాత, "ఎవరు? బాన్సువాడేనా?" అన్నారు. అవునండీ అన్నాను. "గంట కొట్టినట్టుంది మీ గొంతు ఇక్కడ. ఇన్నాళ్లూ ఎటు తిరిగి మాట్లాడారండీ?" తప్పు నాదేననీ, ముందేదో వెనకేదో తెలుసుకోలేదనీ చెప్పాను. మిగిలిన ఐదుగురూ వింటున్నారు. ఎవరో నవ్వారు కూడా. ఆశ్చర్యం ఏమిటంటే నాకు అవమానం అనిపించలేదు. మీరు నేర్పిందే నా నోట్లో ఉన్నది, దాన్ని మరచిపోను అని కూడా చెప్పాను. ఒక్క ఏడాది ఆలస్యంగా చెప్పాను, అంతే.

మా రేడియోవాళ్లలో ఒక ఆచారం ఉంది. గొంతు ఎలా వినబడుతోందో చెప్పుకున్నాక, ఏ యాంటెనా, ఎవరు చేశారు అని తప్పకుండా అడుగుతారు. సొంతంగా చేసుకున్నదైతే ఒక మెట్టు గౌరవం ఎక్కువ. ఈ ప్రశ్నకు జవాబు నేను రెండు నెలలుగా అద్దం ముందు సిద్ధం చేసుకుని ఉన్నాను: స్వయంగా తయారు చేసుకున్నాను అని. గురువుగారు అడిగారు. నేను మీట మీద వేలు పెట్టి ఆగిపోయాను. నా వెనక అతను వెదురు పట్టుకుని ఉన్నాడు. అతని చేతులు వదిలితే నా గొంతు ఎక్కడికీ పోదు.

"తీగ వంచింది, అతికింది, ఇప్పుడు నా వెనక పట్టుకుని నిలబడ్డది మా అన్న," అన్నాను.

"మీ అన్నగారికి నా నమస్కారాలు చెప్పండి," అన్నారాయన.

నేను తిరిగి చూడటానికి ధైర్యం చేయలేకపోయాను. వెనక నుంచి, "దొరా, నాకు చేతులు ఖాళీ లేవు, నా బదులు మీరే పెట్టుండ్రి," అన్న మాట వినబడింది. సెట్టును చంకలో ఇరికించుకుని, ఈశాన్యం వైపు తిరిగి, తలవంచి రెండు చేతులూ జోడించాను. చూసేవాళ్లకు సంధ్యావందనంలా ఉండి ఉంటుంది. కింద నుంచి అవ్వ, "ఏమన్నడురా? సారు ఏమన్నడు?" అని ఒకటే కేకలు.

పది రోజులకు పోస్టుకార్డు వచ్చింది. రేడియోలో కలుసుకున్నవాళ్లు ఒకరికొకరు పంపుకునే గుర్తు కార్డు అది. తేదీ, సమయం, గొంతు ఎలా వినబడింది అన్నీ రాసి ఉంటాయి. యాంటెనా అని అచ్చువేసిన చోట గురువుగారు, 'అన్న చేసినది' అని రాశారు. అది నా బల్ల అద్దం కింద ఇప్పటికీ ఉంది.

ఆపరేషను తర్వాత ఆయనకు మాట రాలేదు. హాజరు ఆగిపోయిందనే అనుకున్నాం. నెలన్నర గడిచాక ఒక సాయంత్రం ఆరింటికి, ఊరికే అలవాటు కొద్దీ సెట్టు పెట్టి ఉంటే, సన్నని ఈల శబ్దం వినబడింది. చుక్క, గీత, గీత, చుక్క. మాకు నేర్పిన పాత తంతి మీటను చిన్న బజరుకు కలిపి, ఆ బజరును మైకు దగ్గర పెట్టి, ఆయన మా పేర్లు పిలుస్తున్నారు. ఆరుగురం పలికాం. తర్వాత అలా ఏళ్ల తరబడి జరిగింది. వర్నిలో వరి కోతలు మొదలైన సంగతి, పిట్లంలో వడగళ్లు పడ్డ సంగతి, ఎవరింట్లో మనవరాలు పుట్టిన సంగతి మేం నోటితో చెప్పేవాళ్లం, ఆయన ఈలతో నవ్వేవారు. నవ్వుకు ఆయన ఎంచుకున్న గుర్తు రెండు గీతలు. రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లకు ఆ ఈల కూడా ఆగింది. మా బురుజు ఒక వానాకాలంలో కూలింది. కూలేముందు అన్నే వెళ్లి, ఎవరూ చెప్పకుండానే, యాంటెనా దించి, మేం అప్పటికే మారిన ఈ డాబా ఇంటికి భద్రంగా తెచ్చాడు. ఎర్ర రంగు గీకి తీసేద్దామా అంటే వద్దన్నాను. అది ఉండాలి.

ఆ సాయంత్రం తర్వాత నేను ఆయన్ని అన్న అనే పిలుస్తున్నాను. ఆయన మాత్రం దొరా అనడం మానలేదు. మానమని అడిగాను, నోరు తిరగదన్నాడు. నాకు సిగ్గుగా ఉంటుందంటే, ఇగ గది మీ ఫికర్, నాకేం ఎరుక అన్నాడు.

ఇంటర్నెట్ అతను పని ముగించి, నా ఫోనులో ఏదో నొక్కి, ఇగ ప్రపంచంల ఏడికైనా మాట్లాడుకో తాతా అని వెళ్లాడు. నిజమే. ఇప్పుడు మాట అన్ని దిక్కులకూ తనంతట తానే పోతుంది. ఎవరు ఎక్కడున్నారో తెలియనక్కర్లేదు, వాళ్ల వైపు తిరగనక్కర్లేదు. సౌకర్యమే, కాదనను. మా రోజుల్లో మాత్రం మాట్లాడాలనుకున్న మనిషి ఏ దిక్కున ఉన్నాడో ముందు తెలుసుకుని, అటు ముఖం పెట్టి, ఒక మనిషి వెనక నిలబడి పట్టుకుంటే గానీ మాట వెళ్లేది కాదు.

దుకాణం ఇప్పుడు అన్న కూతురు నడుపుతోంది, ఫోన్లు బాగుచేస్తుంది. అన్నకు వినికిడి బాగా తగ్గింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి కొంచెం మిగిలింది. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికొస్తాడు. ఇద్దరం డాబా మీద, ఆ చట్రం నీడ పడేచోట కూర్చుంటాం. నేను నా కుర్చీని ఆయన కుడివైపుకు జరుపుకుంటాను, వీపు వంచి ఆయన చెవి దగ్గరికి ముఖం పెట్టి, వారం సంగతులన్నీ ఒక్కొక్కటే చెబుతాను. వినబడలేదంటే మళ్లీ చెబుతాను.